గిలక ఎముక

మాంసం కొట్టు, వాగు వంతెన పక్కన
ఫిబ్రవరి 11

చెల్లెమ్మకి,

పందొమ్మిదేళ్ళ తర్వాత ఉత్తరం రాస్తున్నాను. క్షేమసమాచారాలు అడిగే మొహం నాకు లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం వస్తుంది. మాంసం కట్టే కాగితంలోనే చుట్టాను, ఇంట్లో వేరే కాగితం లేదు. భయపడకు, లోపల రక్తం లేదు.

నువ్వు మ్యూజియంలో పాత ఎముకలు శుభ్రం చేసే ఉద్యోగం చేస్తున్నావని మన పాత టైలరు చెప్పాడు. విని నవ్వొచ్చింది. మాంసం తింటామని ఎముకలు మెళ్ళో వేసుకుంటామా అంటారు. నువ్వు మాంసం వదిలేసి ఎముకలే వేసుకున్నావన్నమాట.

కొట్టు వెనక వాగు ఈ ఏడు బాగా ఎండిపోయింది. నాన్న కాలం నుంచీ మనం ఎముకలు పారబోసే మలుపు దగ్గర గట్టు విరిగి పడింది. మన ఎముకల కుప్ప కింద, గులకరాళ్ళ పొరలో, ఇంకేవో ఉన్నాయి. మనవి నాకు తెలుసు. నాన్న పెద్ద కత్తికి మధ్యలో నొక్కు ఉంది కదా, అది నరికిన ప్రతి ఎముక మీదా సన్నటి గీత నిలబడుతుంది. వీటి మీద ఆ గీత లేదు. వీటిని ఎవరూ నరకలేదు. రంగు కూడా కాల్చిన ఇటుక రంగు.

ఒకటి పీకి తెచ్చాను. మట్టి వదలడానికి కాళ్ళు ఉడికించే గంగాళంలో వేసి, సున్నం చల్లి, గంటసేపు మరగబెట్టాను. మనం ఎముక శుభ్రం చేసేది అలాగే కదా. టప్పుమని మూడు ముక్కలైంది. ముప్పై అయిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఉడికిస్తే పగిలిన ఎముకని చూడలేదు. రెండోదాన్ని ఉడికించలేదు. అదే నీకు పంపుతున్నాను.

నా కళ్ళకి అది గిలక ఎముకే. మడమ పైన, రెండు కొసల్లోనూ గిలకలా గాడి ఉండేది. మేకకి ఉంటుంది, ఆవుకి ఉంటుంది, పందికి ఉంటుంది. గుర్రానికి ఒక కొసనే ఉంటుంది. ఆవుది కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది. ఇది నా పిడికిలంత ఉంది. ఇంత గిలక ఉన్న జంతువుని నేనింతవరకూ కోయలేదు.

ఇదేమిటో చెప్పు. ఇంకేమీ అడగను.

అన్నయ్య


మ్యూజియం, ఎముకల గది
ఫిబ్రవరి 20

మాంసం కొట్టు యజమాని గారికి,

మీరు పంపిన నమూనా అందింది. పరిశీలించాను. అది ఎముక కాదు. వాగు నీళ్ళలో అరిగి ఎముకలా కనిపించే రాయి. ఇలాంటివి మాకు వారానికి నాలుగైదు వస్తాయి. మీ దగ్గర ఇంకా ఉంటే పారేయవచ్చు. ఆ గట్టు మీద మ్యూజియానికి ఆసక్తి లేదు.

నమూనాని తిరిగి పంపడం లేదు.

మీరు అడగలేదు కానీ చెబుతున్నాను. మా ఆయన బాగానే ఉన్నారు. మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పటికీ గోడకి చెయ్యి ఆనించి ఎక్కుతారు. మబ్బు పట్టే సంగతి రేడియో కంటే ముందు ఆయన కాలు చెబుతుంది.

ఎముకల గది పర్యవేక్షకురాలు


మాంసం కొట్టు
మార్చి 27

చెల్లెమ్మా,

నీ ఉత్తరంలో "మీరు" చూసి వేరే ఎవరికో రావాల్సింది నాకొచ్చిందేమో అనుకున్నాను. సరే. మీరు అనిపించుకునే పనే చేశాను.

రాయి అన్నావు. నమ్మాను. నాలుగేళ్ళ వయసులో నరికే మొద్దు కింద కూర్చుని, మేక గిలకల కుప్పలోంచి కుడికాలివి ఒకవైపు, ఎడమకాలివి ఒకవైపు కళ్ళు మూసుకుని వేరు చేసేదానివి. అందుకే కదా నాన్నా నేనూ నిన్ను గిలకా అని పిలిచేవాళ్ళం. ఆ పిల్లే రాయి అంటే రాయే అయ్యుంటుంది, నా కళ్ళే ముసలివయ్యాయి అనుకున్నాను.

అనుకుని ఏం చేశానో విను. కంకర మిల్లు ఆసామి, కంకరాయన అంటాం అందరం, రెండేళ్ళుగా ఆ మలుపు తవ్వుకోనివ్వమని నా వెంట పడుతున్నాడు. గట్టు మన దొడ్డిలోది కాబట్టి నేను ఊ అనాలి. ఇన్నాళ్ళూ కుదరదన్నాను. ఎలాగూ రాళ్ళే కదా అని ఈసారి ఊ అన్నాను.

మొన్న పొద్దున తవ్వే మిషన్ దిగింది. నేను కొట్లో పొట్టేలు తొడ కొడుతున్నాను. వాగులోంచి వచ్చే చప్పుడు ఉన్నట్టుండి మారింది. రాయి విరిగితే ఒక చప్పుడు, ఎముక విరిగితే ఒక చప్పుడు. కత్తి మొద్దులో దించి పరిగెత్తాను. మిషన్ తొట్టెలోంచి ఒక దవడ వేలాడుతోంది. నా చెయ్యంత పొడుగు, పళ్ళతో సహా. రాళ్ళకి పళ్ళుంటాయా చెల్లెమ్మా?

ఆపమని అరిచాను. డ్రైవరు నవ్వి ఇంకో తొట్టె లాగాడు. పుర్రె వెనక భాగం పొడిపొడిగా రాలింది. ఆ తర్వాత నాకు కన్నూ మిన్నూ కానలేదు. కాలరు పట్టుకుని వాణ్ణి కిందికి లాగాను. మొహాన్ని మిషన్ ఇనుప పట్టాకేసి కొట్టాను. ఒకసారి కాదు. వాడి నోరంతా రక్తం, నా చేతులంతా రక్తం. ఇద్దరొచ్చి నా రెక్కలు విరిచి పట్టుకుంటే గానీ ఆగలేదు. వాడి ముందు పళ్ళు రెండు ఊడాయి. ఆవేశం దిగాక మోకాళ్ళ మీద కూర్చుని గులకరాళ్ళలో వెతికి, రుమాల్లో కట్టి వాడికిచ్చాను. పక్కనే పడ్డ పాతవాటినీ ఏరుకున్నాను. ఒకటి నీకు పంపుతున్నాను. డ్రైవరుది కాదులే.

చూస్తే పంది దవడపన్నులా ఉంది. కానీ ఆ పందిని కింద పడెయ్యాలంటే పదిహేనుమంది కావాలి.

సగం పోయింది. పుర్రె ముందు భాగం, మెడ ఇంకా గట్టులోనే ఉన్నాయి. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. తెలియక రాయి అన్నావా?

అన్నయ్య


మ్యూజియం, ఎముకల గది
ఏప్రిల్ 5

అన్నయ్యా,

తెలిసే అన్నాను.

పొట్లం విప్పగానే తెలిసింది. అయినా నాలుక కొసకి ఆనించి చూశాను. రాయైతే జారుతుంది. పాత ఎముకైతే దాని సన్నటి రంధ్రాలు తడి పీల్చుకుని నాలుకని పట్టేసుకుంటాయి. అది పట్టేసుకుంది, లాగితే గానీ రాలేదు. ఎడమకాలి గిలక అని కూడా తెలిసింది. దాన్ని సొరుగులో పెట్టి, తాళం వేసి, నీకు రాయి అని రాశాను. ఈ ఉద్యోగంలో చేరాక నేను రాసిన ఒకే ఒక్క అబద్ధపు రిపోర్టు అది.

ఎందుకు రాశానో నీకు తెలుసు. తెలిసినా ఇక్కడ రాస్తాను. పందొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు.

ఆయన అప్పుడు ఇళ్ళ కప్పులకి ప్లాస్టరు పువ్వులు పోసేవారు. శుక్రవారం పొద్దున పది గంటలకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెళ్ళి రిజిస్టరు ఫారం పెట్టుకుని, కొట్లోకి వచ్చారు. "మీ చెల్లెల్ని చేసుకుంటాను. మీరొచ్చి సంతకం పెట్టాలి" అన్నారు. నువ్వు కొక్కేనికి వేలాడే తొడ కోస్తున్నావు. కోయడం ఆపి కత్తి తుడుచుకున్నావు. అది నేను మర్చిపోలేను అన్నయ్యా. కన్నూ మిన్నూ కాననివాడు కత్తి తుడుచుకోడు. తిప్పి పట్టుకుని, కత్తి వీపుతో ఆయన కుడి మోకాలి కింద కొట్టావు. ఆయన పడ్డాక మళ్ళీ అక్కడే కొట్టావు. "ఇప్పుడు నడిచెళ్ళు ఆఫీసుకి" అన్నావు. రాయి చప్పుడు వేరు, ఎముక చప్పుడు వేరు అని రాశావే, ఆ తేడా నాకు నేర్పింది నువ్వే. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. నేను చిన్నప్పుడు కూర్చున్న చోటే, మొద్దు కింద, ఆయన రక్తం మేక రక్తంలో కలిసింది.

నడిచొచ్చిన మనిషి నడిచి వెళ్ళలేదు. కూరగాయల బండి అరువు తీసుకుని నేనే తోసుకెళ్ళాను.

అందుకని నీకు ఏదీ దక్కకూడదనుకున్నాను. ఒక్క మంచి మాట కూడా. ఇప్పుడు నా అబద్ధం వల్ల సగం జంతువు కంకర మిల్లులో నలిగిపోయింది. ఆ పుర్రె పగలగొట్టింది డ్రైవరు కాదు, నేను. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

పన్ను చూశాను. పంది అన్నావు కదా, నీ అంచనా పెద్దగా తప్పలేదు. అరిగిన పైభాగంలో మూడాకుల గుర్తు కనిపించిందా? అది నీటిగుర్రం పన్ను. పేరుకే గుర్రం, గుర్రం కంటే నీ పందికే దగ్గర చుట్టం. ఈ చుట్టుపక్కల ఎవరూ ఎప్పుడూ చూడని జంతువు మన దొడ్డి వెనక, మనం చెత్త పోసిన చోట, ఒకప్పుడు మునిగి తేలింది. ఎన్ని వేల ఏళ్ళ కిందటో ఇంకా చెప్పలేను.

ఇక జాగ్రత్తగా విను. ఉడికించకు, కడగకు, పీకకు. బయటపడ్డ చోట తడి కాగితాలు కప్పి పైన మట్టి పొయ్యి. విడిగా పడ్డవాటిలో ఏది పాతదో తేలకపోతే నాలుకకి ఆనించు. అప్పటికీ తేలకపోతే సూది ఎర్రగా కాల్చి గుచ్చు. కొత్త ఎముకైతే జుట్టు కాలిన వాసన వస్తుంది, పాతదైతే రాదు.

గట్టులో ఉన్నదాన్ని ఎత్తడం ఒక్కరికే చేతనవును. పువ్వులు పోసిన ఆ చెయ్యే ఇప్పుడు మా మ్యూజియంలో ఎముకలకి కట్లు కడుతోంది. చుట్టూ ఉన్న మట్టితో సహా తడి గోనె, ప్లాస్టరు చుట్టి, గట్టిపడ్డాక ఎత్తి తెస్తారు. ఇక్కడ నేను రంపంతో కోసి విప్పుతాను. పదిహేనేళ్ళుగా ఆయన కట్టడం, నేను విప్పడం.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. వెళ్తానన్నారు. నేను ససేమిరా అన్నాను. "ఆ ఎముక ఏం పాపం చేసింది" అన్నారు. సరే, నా షరతు ఒక్కటే. ఆయన అక్కడున్నన్నాళ్ళూ నువ్వు ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. కంకరాయన మీదైనా, ఈగ మీదైనా. కాగితం మీద రాసి పంపు. ఆ రోజు పెట్టని సంతకం ఇప్పుడు పెట్టు.

నీ చెల్లెలు


మాంసం కొట్టు
ఏప్రిల్ 16

గిలకా,

"నేను ఎవరి మీదా చెయ్యి ఎత్తను." కింద సంతకం పెట్టాను. నమ్మవేమోనని వేలిముద్ర కూడా వేశాను. అది సిరా కాదు, పొట్టేలు రక్తం. ఏమీ అనుకోకు, చేతికి ఎప్పుడూ ఉండేదే.

కత్తి తుడుచుకున్న మాట నిజం. ఇన్నేళ్ళూ కోపం, కోపం అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నీ ఉత్తరం చదివాక ఆ మాట నిలబడలేదు. భయం వల్ల కొట్టాను. నాన్న పోయాక మిగిలింది మనిద్దరమే. నువ్వు వెళ్ళిపోతే ఆ కొట్లో నేనూ కొక్కేలూ. నడవలేనివాడు నిన్ను తీసుకెళ్ళలేడని అనుకున్నాను. కూరగాయల బండి ఉందని తట్టలేదు. క్షమించమని అడగను, అడిగితే నీకు జవాబు చెప్పాల్సిన బరువు. ఇంకో సంగతి, ఎముక కోసమే ఉత్తరం రాశాననుకోకు. నీకు రాయడానికి ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని పందొమ్మిదేళ్ళుగా చూశాను. చివరికి వాగు ఇచ్చింది.

పని సంగతి. గట్టు కింద రాలినవన్నీ ఏరాను. కత్తి గీత ఉన్నవి నాన్నవీ నావీ, రెండు గంపలు. మిగతావి నాలుకకి ఆనించాను. వంతెన మీద నిలబడి వీధి వీధంతా చూసింది. మాంసం కొట్టువాడు వాగులో కూర్చుని రాళ్ళు నాకుతున్నాడు, పిచ్చి ముదిరిందని ఖాయం చేసుకున్నారు. ఒకటి మాత్రం పట్టీ పట్టనట్టు పట్టింది. సూది కాల్చి గుచ్చితే గుప్పుమని వాసన కొట్టింది. మన గేదె. నిజంగా పాతవి పద్నాలుగు తేలాయి. ఒక్కోటీ విడిగా గుడ్డలో చుట్టి పెట్టాను.

ఇక చెప్పకూడదనుకున్నది. తవ్వకం ఆపమన్నానని కంకరాయన మనుషులు రెండుసార్లు వచ్చి బెదిరించారు. నిన్న పొద్దున కొట్టు తలుపు తీస్తే, మొద్దు కింద పడుకునే నా ఎర్ర కుక్క కొక్కేనికి వేలాడుతోంది. తోలు ఒలిచారు. పని రానివాడెవడో ఒలిచాడు, అడుగడుక్కీ కత్తి జారిన గాట్లు. కింద రక్తం ఎంత దూరం చిమ్మిందో చూశాను. అంటే ఒలుస్తున్నంతసేపూ అది బతికే ఉంది. ఇలాంటివి నాకు చూడగానే తెలుస్తాయి, అదే నా ఖర్మ.

నాన్న కత్తి తీసుకుని మిల్లుకి బయల్దేరాను. వంతెన మధ్యదాకా వెళ్ళాను. ఎవరి తల ముందు తియ్యాలో వరస కూడా అనుకున్నాను. అక్కడ ఆగిపోయాను. సంతకం ఇంకా పెట్టలేదు, ఈ కాగితం కొట్లో బల్ల మీద తెల్లగా ఉంది. వెనక్కొచ్చి ముందు సంతకం పెట్టాను, తర్వాత కుక్కని దింపి పాతిపెట్టాను.

ఈ పొట్లంలో ఉన్నది నాన్న కత్తి. అది నా గోడకి ఉంటే నా మాట నిలబడదు. నువ్వే దాచు.

అన్నయ్య


మ్యూజియం, ఎముకల గది
ఏప్రిల్ 25

అన్నయ్యా,

పొట్లం అందింది. గేటు దగ్గర వాచ్‌మన్ విప్పి హడలిపోయాడు. మా నాన్నది అన్నాను, ఇంకా హడలిపోయాడు. ఇప్పుడు నా బల్ల పక్క బీరువాలో ఉంది. దాని వీపు చూడలేక గుడ్డ చుట్టాను.

కుక్క సంగతి చదివి ఏడ్చాను. వంతెన మధ్యలో ఆగావు చూడు, ఆ ముక్క ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్ళి బ్యాగు సర్దుకున్నారు.

బుధవారం బస్సుకి వస్తారు. ఆరు బస్తాల ప్లాస్టరు, ఒక మూట గోనె. మేడ మీద పడక వద్దు, మెట్లు కష్టం. తవ్వకం ఆపమనే ఉత్తర్వు సోమవారానికి మీ ఊరి అధికారి చేతికి వస్తుంది. మధ్యలో ఆ నాలుగు రోజులే గండం. అప్పటిదాకా ఆగమంటే ఆయన వినడం లేదు. ఈలోగా మిషన్ మళ్ళీ దిగితే ఎత్తడానికేం మిగలదంటారు.

ఆయన మాటలు తక్కువ. కట్టు కట్టేటప్పుడు మాత్రం ఎముకతో మాట్లాడతారు. విని నవ్వకు. కట్టాక పైన నల్ల సిరాతో రాస్తారు. నంబరు, ఏ ఎముక, ఎక్కడ దొరికింది, ఎవరిది, పైభాగం ఎటు. అది రాయనిదే నేను రంపం పట్టుకోను, అది మా ఇద్దరి పద్ధతి.

ఒకటిన్నర కాలు మీద వస్తున్నారు. అంతకి తగ్గకుండా తిరిగి పంపు.

చెల్లెలు


ఆసుపత్రి, కింది వార్డు, పదకొండో మంచం
మే 8

గిలకా,

బావకి ఒక్క దెబ్బ తగల్లేదు. ముందు ఇది చదివి, కూర్చుని, తర్వాత మిగతాది చదువు.

బస్సు దిగి కుంటుకుంటూ వస్తుంటే నేను మొహం ఎత్తలేకపోయాను. ఆ కాలు అలా పడేలా చేసింది నా చెయ్యే కదా. బావ కొట్లోకి రాలేదు, పక్క సందులోంచి దొడ్లోకి వచ్చాడు. మొదటిరోజు నాతో మాట్లాడింది ఒకే మాట, "నీళ్ళు." రెండోరోజు "ఈ గోనె ఇలా పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. పుర్రె మీద ప్లాస్టరు పూస్తూ "ఇంకాస్త ఓర్చుకో తల్లీ, అయిపోయింది" అంటున్నాడు. నవ్వలేదు గిలకా. గోనె ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నానికి కట్టు దాదాపు పూర్తయింది. పైపొర ఇంకా తడి. బావ దాని పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. మిల్లువైపు నుంచి ఎనిమిదిమంది వచ్చారు, గడ్డపారలతో. ముందు మిషన్ డ్రైవరు, ముందు పళ్ళ చోట నల్లటి సందు. "ముసలాయనా లే, ఈ ముద్దని పగలగొట్టి పోతాం" అన్నాడు. బావ లేవబోయాడు. ఆ కాలు అంత తొందరగా లేవనివ్వదు.

నిజం చెబుతాను. ముగ్గుర్ని పడగొట్టగలను. పార నా చేతికి అందేంత దూరంలోనే ఉంది, చెయ్యి దానివైపు వెళ్ళింది కూడా. వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకున్నాను. తీసుకుని ఏం చెయ్యాలో తెలియక ఆ కట్టు మీద బోర్లా పడుకుని రెండు చేతులతో కావలించుకున్నాను.

కొట్టారు. వీపు మీద, నడుం మీద. పక్కటెముకలు మూడు పోయాయి, పోయినప్పుడు ఒక్కోటీ లెక్కపెట్టాను, అలవాటు. తర్వాత డ్రైవరు కిందికొచ్చి నా కుడికాలు చూసుకుని, గడ్డపార రెండు చేతులతో ఎత్తి మోకాలి కింద దించాడు. మళ్ళీ అక్కడే దించాడు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు గానీ లోపలి నుంచి వినడం ఇదే మొదలు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఇక్కడో సంగతి. నువ్వు సంతకం నా దగ్గర తీసుకున్నావు గానీ బావ దగ్గర తీసుకోలేదు. పొడి ప్లాస్టరు దోసిలి నిండా తీసి వాళ్ళ కళ్ళలో కొట్టాడు. తర్వాత ప్లాస్టరు కలిపే ఇనుప బకెట్టు గిరగిరా తిప్పి డ్రైవరు భుజం మీద వేశాడు. భుజం ఎముక విరిగింది, అదీ నాకు వినపడింది. "నా బావ మీద నుంచి లేవండిరా" అని అరిచాడు. అంత గొంతు ఉందని నీకైనా తెలుసా? ఆ అరుపుకి వంతెన మీద నా పిచ్చి చూడ్డానికి నిలబడ్డ వీధంతా కిందికి దిగింది. అప్పుడు పారిపోయారు. పోలీసులు ముగ్గుర్ని పట్టుకున్నారు. ఉత్తర్వు సోమవారం పద్ధతిగా వచ్చింది, చేతులు కాలాక ఆకులు వచ్చినట్టు.

అంబులెన్సు రావడానికి గంట పట్టింది. నా ఎముక బయటికి పొడుచుకు రాలేదు, అదొక్కటే నా అదృష్టం, బావకి అది కూడా లేకపోయింది. బకెట్టులో మిగిలిన ప్లాస్టరు గట్టిపడిపోతోంది. బావ నా కాలు ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా లాగి, గోనె చుట్టి, ప్లాస్టరు పూశాడు. నొప్పికి నేను వాగులో ఉన్న కాకులన్నీ లేచేలా అరిచాను. "ఇంకాస్త ఓర్చుకో, అయిపోయింది" అన్నాడు. నాతో అన్నాడో ఎముకతో అన్నాడో అడగలేదు. చివర్న నల్ల సిరా తీసి ఏదో రాశాడు.

ఇక్కడ డాక్టరు ఫొటో తీయించి చూసి, ఎముక సరిగ్గానే కూర్చుంది, ఈ కట్టు ఎవరు కట్టారు అని అడిగాడు. వాపు కోసం ఒక పక్క చీల్చి, పైన గుడ్డ చుట్టి వదిలేశాడు. రాత నాకు తలకిందులుగా ఉండి కనపడదు. ఇవాళ నర్సమ్మ చదివి పెట్టింది.

"నంబరు 15. కుడికాలు, మోకాలి కింద ఎముక. రెండు దెబ్బలకి విరిగింది. వాగు గట్టున దొరికింది. మా బావది. పైభాగం ఇటు."

నర్సమ్మ నవ్వింది. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. ఏరిన పాతవి పద్నాలుగే కదా, పుర్రె కట్టుకి అప్పటికింకా నంబరు పడలేదు, పదిహేనోది నేనన్నమాట.

అన్నయ్య


మ్యూజియం, ఎముకల గది
మే 17

అన్నయ్యా,

ఆయన చేరారు, ఒకటిన్నర కాలు మీదే. కట్టూ చేరింది. బకెట్టు సంగతి నాకు చెప్పలేదు, నీ ఉత్తరం చూపిస్తే చెవులు ఎర్రబడ్డాయి.

నిన్న కట్టు విప్పడానికి కూర్చున్నాను. రంపం పెట్టబోయి ఆగిపోయాను. నువ్వు బోర్లా పడుకున్నప్పుడు పైపొర తడిగా ఉంది కదా, నీ చొక్కా గుండీలు నాలుగు, నీ పది వేళ్ళు అందులో దిగి గట్టిపడ్డాయి. కుడిచేతి చూపుడువేలి అచ్చులో, చిన్నప్పుడు కత్తి జారి తెగిన ఆ మచ్చ కూడా ఉంది. మధ్యలో రక్తం ఎండి ఇటుక రంగుకి తిరిగింది. ఆ చేతుల్ని చూసి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పందొమ్మిదేళ్ళు ఆ చేతుల్ని తిట్టుకున్నాను. ఈసారి అవి ఏం పట్టుకున్నాయో చూశాను.

ఆ భాగం విరక్కుండా చుట్టూ కోసి తీశాను. మామూలుగా కట్టు చెత్తలో పోస్తాం. ఇది పోయలేదు. లోపల పుర్రె ముందు భాగం, కోరలు, మెడ ఎముకలు నాలుగు ఉన్నాయి. ఒక్క పగులు కొత్తది లేదు.

సొరుగు తాళం తీసి గిలకని బయట పెట్టాను. రాయి అని రాసిన రిపోర్టు కొట్టేసి, అబద్ధం రాశానని మా పెద్దాయనకి ఒప్పుకున్నాను. మూడు నెలలు నా సంతకం చెల్లదన్నాడు. చెల్లకపోతే పోనీ. కొత్త చీటీ మీద, మొదట గుర్తుపట్టినది ఎవరు అన్న చోట "మా అన్నయ్య" అని రాశాను. వృత్తి అడిగితే మాంసం కొట్టు అన్నాను.

ఇక నీ కాలు. జూన్ చివర్న విప్పుతామని డాక్టరు అన్నాడట. అక్కడ ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఆయన కట్టింది నేనే విప్పాలి, అది పద్ధతి. రంపం తీసుకుని ఇద్దరం వస్తున్నాం. ఆయన కొట్లోకి ముందు తలుపులోంచే వస్తానంటున్నారు. మొద్దు కింద ఎవరిచేతైనా కడిగించి ఉంచు.

అంతవరకూ కదలకుండా పడుకో.

గిలక